ఇసుక దిబ్బ క్రింద మంచుయుగము

కర్లపాలెము పరిసరములలో బావి త్రవ్వించుకొనదలచిన రైతును తొలుత బాధించు ప్రశ్న నీరు పడునా, పడదా అన్నది కాదు. నీరు పడును, కొన్ని మూరల లోతుననే పడును. పడిన నీరు తీపిదా, ఉప్పుదా అన్నదే అసలు ప్రశ్న. ఒక దిబ్బమీది దొరువులో నీరు కొబ్బరినీటివలె నుండును. అచటికి కూతవేటు దూరములో, పల్లమున దింపిన బోరునుండి వచ్చు నీరు నాలుకకు తగిలిన వెంటనే ఉమ్మివేయవలసి వచ్చును. అదే నేల, అదే వాన, అదే సముద్రము, ఇంత భేదమేల? అదృష్టమని కొందరందురు. గంగమ్మ దయ యని కొందరందురు. అరచేత కొబ్బరికాయ నిలిపి నీటిజాడ చెప్పువారిని పిలిపించుకొనువారును లేకపోలేదు.

ఈ వ్యాసమున మేము మరియొక సమాధానము చెప్పదలచినాము. అది వినుటకు వింతగా నుండును. ఈ తీపికిని ఈ ఉప్పుకును మూలకారణము మంచు.

ఎండకాలమున ఇసుకపై కాలు మోపరాని ఈ తీరమునకును మంచునకును ఏమి సంబంధమని పాఠకులు నవ్వవచ్చును. బాపట్ల తీరమున ఈ ఇసుక దిబ్బలు ఏర్పడిన కాలములో మంచు ఎన్నడును లేదు. ఆ మాట మొదటనే ఒప్పుకొనుచున్నాము. అయినను ఎక్కడనో వేలాది మైళ్ళ దూరమున గడ్డకట్టి, కరగిన మంచు ఈ నేలను తీర్చిదిద్దినది. అది ఎట్లో తెలియవలెనన్నచో మొదట మంచు స్వయముగా మోసి తెచ్చిన మట్టిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

నీరు మట్టిని మోసికొనివచ్చు తీరు మనకు తెలిసినదే. వరదలో కృష్ణ ఏమి చేయునో చూడుడు. వేగమున్నచోట గులకరాళ్ళను వదలును. కొంత తగ్గినచోట ఇసుకను వదలును. నిలకడగానున్న చోట మెత్తని ఒండ్రును వదలును. ఇల్లాలు చేటతో ధాన్యము చెరిగినట్లు, నీరు మట్టిని బరువునుబట్టి వేరుచేయును. మంచు అట్లు కాదు. కొండంత మందమున పేరుకొన్న మంచు తన బరువునకు తానే మెల్లగా జారును. జారుచు, క్రిందనున్న రాతిని గీరును, పెకలించును, నలుగగొట్టును. ఆ నలిగినదంతయు మోసికొనిపోయి, కరగినచోట గంపతో కుమ్మరించినట్లు కుమ్మరించును. ఏనుగంత గండశిలయు, పిడికెడు గులకయు, గంధమువంటి బంకమన్నును ఒకే ముద్దలో కలగాపులగముగా నుండును. ఇట్టి ముద్ద కనబడినచోట, అందులోని రాళ్ళమీద గీరుడు గీతలు కనబడినచోట, ఇది మంచు పని కావచ్చునని భూగర్భశాస్త్రజ్ఞుడు అనుమానించును.

ఐరోపాఖండమున మైదానములలో ఒంటరిగా పడియున్న గండశిలలను చూచి, ఇవి ఏ ప్రళయమునాటివో యని పూర్వులు తలచిరి. స్విట్జర్లండు దేశీయుడైన లూయీ అగస్సీ 1837లో, ఇవి జలప్రళయపు గుర్తులు కావనియు, ఒకప్పుడు ఉత్తరదేశములను కప్పివేసిన మంచుపలక తెచ్చినవనియు ప్రకటించెను. 1840లో గ్రంథముగాను వ్రాసెను. మొదట పలువురు నమ్మలేదు. కాని క్రమముగా ఒకటి కాదు, అనేక పర్యాయములు మంచు కమ్మి తొలగినదని ఋజువైనది.

ఆ దేశములలో మంచుమట్టి క్రింద ఏమున్నదో పటము గీయుట నేటికిని గొప్ప పని. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రము ఇందుకు మంచి ఉదాహరణము. అచట నేల అరచేతివలె చదునుగా నుండును. మొక్కజొన్న తప్ప మరేమియు కంటికి తోచదు. కాని ఆ చదునునేల క్రింద ఒక పురాతన నదీలోయ పూడియున్నది. మంచు కరగిన నీరు ఆ లోయను ఇసుకతోను గులకలతోను నింపినది. తరువాత వచ్చిన మంచుపలకలు దానిపై మరల మట్టి కప్పినవి. పైన గుర్తు ఒక్కటియు లేదు. పల్లెపల్లెలో బావులు త్రవ్వినవారు వ్రాసియుంచిన లెక్కలను, అనగా ఎన్ని అడుగులవరకు బంకమన్ను, ఎన్ని అడుగులవద్ద ఇసుక అన్న లెక్కలను పోగుచేసి, లీలాండ్ హార్బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1945లో ఆ పూడిపోయిన లోయను వర్ణించెను. మహోమెట్ జలాశయ స్తరమని ప్రసిద్ధికెక్కినది అదియే. నేడు సుమారు ఐదు లక్షలమందికి అదియే త్రాగునీటి ఆధారము. 2015లో అమెరికా ప్రభుత్వపు పర్యావరణ శాఖ దానిని ఆ ప్రాంతమునకు ఏకైక ప్రధాన జలాధారముగా గుర్తించినది. అర్బానా విశ్వవిద్యాలయమున చదువుకొను మన తెలుగు విద్యార్థులు కుళాయి త్రిప్పి పట్టుకొను నీరు ఆ మంచునాటి ఇసుకలోనుండి వచ్చునదే. ఈ కథలో గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ పటమునకు ముడిసరుకు పల్లెటూరి బావుల లెక్కలే.

మరి తెలుగునేలమీద మంచు స్వయముగా పోసిన మట్టి ఉన్నదా? ఉన్నది. కాని అది నిన్నమొన్నటి మంచుయుగమునకు చెందినది కాదు. సుమారు 30 కోట్ల సంవత్సరములనాటిది. ఆ కాలమున మన భూభాగము ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అను మహాఖండముగా దక్షిణధ్రువము వైపుననుండెను. 1856లో ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతమును పరిశీలించిన బ్లాన్‌ఫర్డ్ సోదరులును, థియోబాల్డును అచటి అడుగుపొరలో సన్నని మట్టిలో పొదిగినట్లున్న గండశిలలను చూచి, ఇవి మంచు తెచ్చినవై యుండవలెనని ధైర్యముగా సూచించిరి. ఉష్ణదేశమున మంచేమిటని నాటివారు ఆశ్చర్యపడిరి. 1870ల దశకములో ఫెడ్డెన్ అను అధికారి పెన్‌గంగ ఒడ్డున, చాందా సమీపమున, ఇరాయి గ్రామమువద్ద ఆ గండశిలల పొర క్రింద సున్నపురాతి చపటా చూచెను. దానిమీద మంచు గీచిన సమాంతర రేఖలు స్పష్టముగా కనబడినవి. అది నేటి ఆదిలాబాదు సరిహద్దునకు దాపుననే యున్నది.

ఆ తాల్చేరు పొరయే ప్రాణహిత–గోదావరి లోయ పొడవునను, ఆదిలాబాదు మొదలు ఖమ్మమువరకు, అంచులలో అక్కడక్కడ పైకి కనబడును. దాని పైపొరలలో బొగ్గు కలదు. 1871లో ఎల్లందు సమీపమున బొగ్గును కనుగొన్న విలియం కింగు ఆ లోయనంతయు నడచి పటము గీచిన భారత భూగర్భ పరిశోధక శాఖ ఉద్యోగి. మంచుపొర, దానిపై బొగ్గుపొర. ఈ వరుస తెలిసినవాడు బొగ్గు ఎచట వెదకవలెనో, ఎచట వెదకుట మానవలెనో చెప్పగలడు. మంచుపొర తగిలినచో బొగ్గు దాటి క్రిందికి పోయినామని అర్థము. సింగరేణి గనుల వెనుక ఈ చిన్న లెక్క కలదు.

ఆ గోండ్వానా పొరలు గోదావరి లోయతో ఆగలేదు. నేల క్రిందుగా సముద్రతీరమువరకు సాగినవి. పెట్రోలియము అన్వేషణకై వేసిన లోతుబోరులలో మండపేట వైపున ఆ యుగపు బొగ్గుపొరలు బయటపడినవి. కర్లపాలెమువైపు స్థితి వేరు. ఇచట భూగర్భమున పురాతన స్ఫటికశిల గట్టువలె లేచి యున్నది. దానికి శాస్త్రజ్ఞులు బాపట్ల హోర్స్టు అని పేరిడినారు. దానికి ఇరువైపుల నేల క్రుంగి, లోతైన అవక్షేపములతో నిండినది. పైన చదునుగానున్న డెల్టా క్రింద గట్లును, గుంటలును ఇట్లు దాగియున్నవి. 1879లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, 15వ అక్షాంశమునుండి మచిలీపట్టణమువరకు గల తూర్పుతీరపు భూనిర్మాణమును వర్ణించి ప్రచురించెను. కర్లపాలెము ఆ పరిధిలోనిదే. ఒంగోలు సమీపమున వేమవరమువద్ద ఆకుల ముద్రలుగల రాళ్ళు ఆయనకు లభించినవి. కాని డెల్టా క్రింద ఏమున్నదో నాటివారికి కంటితో చూచు వీలు లేదు. బోరు వేసినగాని అది తెలియదు.

ఇంతవరకు అతిపురాతనపు మంచును గూర్చి చెప్పితిమి. ఇక కర్లపాలెమునకు నిజముగా సంబంధించిన మంచు కథకు వత్తము. అది కేవలము 20,000 ఏండ్లనాటి మాట. అప్పుడు కెనడాను, ఉత్తర ఐరోపాను కప్పిన మంచుపలక కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల మందముండెను. ఆ మంచు ఎక్కడనుండి వచ్చినది? సముద్రమునుండియే. ఆవిరియై లేచిన నీరు మంచుగా కురిసి, తిరిగి సముద్రమునకు రాక భూమిపైననే నిలిచిపోయినది. అందుచేత లోకమందలి సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగిపోయినది.

నిజాంపట్నము అఖాతము నేడు లోతులేని సముద్రము. నీరు అంతగా దిగినప్పుడు ఆ అఖాతపు అడుగు చాలవరకు పొడినేలయై పోయెను. తీరము పదుల కిలోమీటర్లు తూర్పునకు తొలగెను. సూర్యలంకవద్ద నిలుచున్నవానికి నాడు అలలు కనబడియుండవు; పొదలతోను గడ్డితోను నిండిన మైదానమే కనబడియుండును. నీరు పల్లమెరుగును గదా! సముద్రము దిగగా కృష్ణయు దానిని వెంబడించి, తన పాత ఒండ్రును కోసికొని లోతైన లోయ చేసికొనెను. ఆ కాలమున ఎండకు గాలికి బయటపడిన పాతమట్టి గట్టిపడి, పసుపుడాలు తేలి, అందులో సున్నపు గులకలు పుట్టినవి.

తరువాత మంచు కరుగనారంభించెను. సముద్రము పొంగెను. కొన్ని శతాబ్దములలో నూరేండ్లకు ఒక మీటరునకు మించి పెరిగినది. నది కోసిన లోయ మరల పూడినది. ఉప్పునీరు నేటి తీరమును దాటి లోపలికి వచ్చినది. సుమారు 7,000 మొదలు 6,000 ఏండ్ల క్రిందట ఆ పొంగు నెమ్మదించినది. అప్పుడు కృష్ణ తెచ్చిన ఒండ్రునకు గెలుపు వచ్చినది. నది మట్టి పోయుచు, సముద్రమును వెనుకకు నెట్టసాగినది. అలలు ఆ మట్టిలోని సన్నని బురదను కడిగివేసి, ఇసుకను తీరమువెంట గట్టుగా పోసినవి. గాలి దానిని ఇంకను ఎత్తుచేసినది. నది ముందునకు జరిగినప్పుడు పాతగట్టు లోపల నిలిచిపోయినది. క్రొత్తగట్టు దాని ముందర ఏర్పడినది. నడుమ పల్లములలో మడుగులు, బురదలు నిలిచినవి.

చీరాల మొదలు బాపట్ల, కర్లపాలెము మీదుగా నిజాంపట్నమువరకు తీరమునకు సమాంతరముగా సాగు ఇసుక దిబ్బల వరుసలు ఈ విధముగా పుట్టినవి. ఒక్కొక్క దిబ్బ ఒకప్పటి సముద్రతీరము. తాటిచెట్లు, సరుగుడు తోపులు, జీడిమామిడి, వేరుసెనగ కనబడుచోట మెరక. వరిచేలు, పర్రలు, ఉప్పుటేళ్ళు ఉన్నచోట పల్లము. ఊరిపెద్దలు ఊళ్ళను దిబ్బలమీద కట్టిరి, వరిని పల్లములలో వేసిరి. శాస్త్రము తెలియకయే శాస్త్రమునకు సరిపడు పని చేసిరి.

ఈ దిబ్బల వయస్సు చెప్పుటకు సాధనము దిబ్బలలోనే దొరకును. ఇసుకలో గుల్లలు, గవ్వలు కలవు. ప్రాణియందు బ్రతికియుండగా చేరిన ఒకజాతి కర్బనము, చనిపోయిన పిమ్మట 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదెంతో కొలిచినచో వయస్సు తెలియును. ఈ పద్ధతిని కనిపెట్టిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావుగారు, జపాను శాస్త్రజ్ఞుల సహకారముతో ఈ పద్ధతిని కృష్ణా, గోదావరి డెల్టాలకు అన్వయించిరి. ఉపగ్రహ చిత్రములనుండి దిబ్బల వరుసలు గుర్తించి, భూమిలోనుండి తీసిన మట్టికడ్డీల వయస్సు లెక్కించి, నది తన ముఖములను మార్చుకొనుచు డెల్టాను ఎట్లు పెంచినదో వివరించిరి.

ఇక నేల క్రింద పటమును ఎట్లు గీయుదురో చెప్పెదము. కంటికి కనబడని దానిని చిత్రించుట ఎట్లు? మొదటి మార్గము బోరు. బోరు వేయు పనివారి ప్రక్కన కొంతసేపు నిలిచినచో ఇది బోధపడును. మొదట పొడి ఇసుక వచ్చును. పిదప తడి ఇసుక వచ్చును. ఆ పైన గుల్లలు కలిసిన నల్లని మెత్తని బంకమట్టి వచ్చును. దానికి ఉప్పుటేటి వాసన యుండును. అది సముద్రమో, మడుగో నిలిచియున్న కాలపు బురద. ఇంకను లోతునకు పోయినచో మన తీరపు డెల్టాలలో చాలచోట్ల గట్టి పసుపుమట్టి తగులును. అదియే సముద్రము దిగిపోయిన మంచుకాలమున ఎండిన పాతనేల. బోరు కడ్డీకి తగిలిన ఆ గట్టితనము ఇరువదివేల ఏండ్లనాటి సాక్ష్యము.

ఒక బోరు ఒక బిందువును మాత్రమే చెప్పును. పది బోరులు ఒక వరుసలో నున్నచో, ఒకదానిలోని ఇసుకపొరను మరియొకదానిలోని ఇసుకపొరతో కలుపుచు గీతలు గీయవచ్చును. కేకును కోసినప్పుడు ప్రక్కనుండి పొరలు కనబడునట్లు, నేలను కోసి చూచిన చిత్రము లభించును. అయితే ఏ ఇసుకను ఏ ఇసుకతో కలుపవలెనన్నది వివేకముతోడి పని. చూచుటకు ఒకేవిధముగానున్న రెండు ఇసుకలు వేర్వేరు కాలములవి కావచ్చును. గింజ పరిమాణము, రంగు, గుల్లల జాతి, వయస్సు ఇవన్నియు చూచి నిర్ణయింపవలెను.

రెండవ మార్గము విద్యుత్తు. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, రెండింటిగుండ విద్యుత్ప్రవాహము పంపి, మిగిలిన రెండింటి నడుమ ఒత్తిడిని కొలుతురు. మంచినీరు నిండిన ఇసుకగుండ విద్యుత్తు కష్టముగా పోవును; ఉప్పునీరు నిండినచో సుళువుగా పోవును. కడ్డీల నడుమ దూరము పెంచినకొలది ఇంకను లోతు సంగతి తెలియును. త్రవ్వకయే నేల నాడి చూచుట యన్నమాట. కాని ఇందొక చిక్కు కలదు. బంకమట్టియు విద్యుత్తును సుళువుగా పోనిచ్చును. యంత్రము చూపిన సంఖ్య బంకమట్టిదా, ఉప్పునీటిదా? ఆ సందేహము తీర్చుటకు సమీపమున కనీసము ఒక బోరు లెక్క యుండితీరవలెను. యంత్రము వచ్చినంతమాత్రమున బోరు వేయువాని చేతి అనుభవము వ్యర్థము కాలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. దిబ్బమీద నీరు తీపి యేల? దిబ్బ ఇసుక వాననీటిని చటుక్కున పీల్చుకొనును. ఆ నీరు క్రిందనున్న ఉప్పునీటిని చేరి, దానితో కలియక, తేలిక గనుక దానిపై తేలియుండును. సముద్రపు నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్ళు బరువు. ఈ చిన్న భేదమునుబట్టి, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో క్రింద నలుబది అడుగుల మంచినీరు నిలువవలెనని గైబెన్, హెర్జ్‌బర్గ్ అను ఇరువురు ఐరోపావారు వేర్వేరుగా లెక్కకట్టిరి. పెసరగింజ ఆకారమున ఇసుకలో తేలియుండు మంచినీటి బుడగ యని దీనిని ఊహించుకొనవచ్చును. మన దిబ్బలు సన్ననివి. క్రింద బంకమట్టి అడ్డు కలదు. కాబట్టి లెక్కలో చెప్పినంత లోతు ఇచట దొరకదు. ఉన్నది కొద్దిపాటి మందమే. పల్లములోనో, పాతకాలపు ఉప్పునీరు బురదలో చిక్కి, కడిగివేయు వాననీరు లోపలికి దిగజాలక, నేటికిని అట్లే యున్నది.

ఆ నలుబదింతల లెక్క రెండువైపుల పదునుగల కత్తివంటిది. మోటారు పెట్టి మంచినీటిమట్టమును ఒక అడుగు తగ్గించినచో, క్రిందనున్న ఉప్పునీరు లెక్కప్రకారము నలుబది అడుగులు పైకి లేవజూచును. బోరు క్రింద ఉప్పునీరు గోపురమువలె పైకి వచ్చును. మొదటి ఏడు తీయగానున్న బోరు మూడవయేట చప్పబడి, తరువాత ఉప్పనగుటకు కారణమిదియే. నీరు చాలలేదని ఇంకను లోతునకు దింపువాడు స్వయముగా ఉప్పునీటి తలుపు తట్టుచున్నాడు. అడ్డుగానున్న బంకపొరను చీల్చుకొని దింపిన బోరు, పనికిరాక విడిచిపెట్టిన తరువాతకూడ, ఉప్పునకు గొట్టపుదారియై నిలిచిపోవును.

మన పెద్దల దొరువు ఈ ప్రమాదము నెరిగినట్లుండును. ఇసుకలో వాలుగా త్రవ్విన లోతులేని గుంట అది. అందులోనికి దిగి, కడవలతో నీరు ముంచి, మొక్కమొక్కకు పోయుదురు. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. పాలపై మీగడ తీసినట్లు పైనున్న మంచినీటిని మాత్రమే తీసికొనును. అయితే కడవలు మోయు కష్టము అంతింత కాదు. గుంట ఆక్రమించు చోటును తక్కువ కాదు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల స్థాపింపబడినది. అదే పట్టణమున చౌడు నేలలను, ఉప్పునీటి వినియోగమును గూర్చి పరిశోధన చేయు కేంద్రము దొరువును సంస్కరించినది. నేలలో కొద్దిలోతున రంధ్రములుగల గొట్టములను అడ్డముగా పరచి, వానిలోనికి ఊరిన నీటిని ఒక బావిలోనికి చేర్చి, అచటినుండి మోటారుతో తోడి తుంపరలుగా చిమ్ముదురు. లోతునకు పోకుండ, వెడల్పున మెల్లగా తీయుటయే ఇందలి కిటుకు. తాతగారి దొరువులోని న్యాయమే ఇందును కలదు.

ఇందులో పణముగా నున్నది ఒక రైతు బావి మాత్రమే కాదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఈ ప్రాంతము కాలువల చివర నున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనప్పటినుండి కాలువనీరు పల్లపు చేలను పండించుచున్నది. కాని శివారునకు నీరు చేరని ఏడు, దిబ్బలోని మంచినీరే దిక్కు. ఆ దిబ్బల ఇసుకను ఇండ్లకును, మెరకలకును త్రవ్వి తరలించినచో, పోవునది ఇసుక మాత్రమే కాదు; వాననీటిని దాచుకొను కుండయే పగిలిపోవును. ఉప్పునీటి చెరువు మెరక ఇసుక ప్రక్కనే త్రవ్వినచో, ఆ ఉప్పు దిబ్బలోనికి ఊరును. దిబ్బ చేయు మరియొక మేలును మరువరాదు. 1977 నవంబరు 19వ తేదీన తుపాను ఉప్పెన దివిసీమను ముంచి వేలాదిమందిని బలిగొన్నది. అట్టి ఉప్పెనకు ఎదురుగా తీరమున నిలుచు గోడ ఇసుక దిబ్బయే.

ఇంకొక సంగతి. డెల్టా పెరుగుటకు నది మట్టి పోయుచుండవలెను. 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరమును, ఎగువనున్న ఇతర జలాశయములును మనకు అన్నము పెట్టుచున్నవి, సందేహము లేదు. కాని సముద్రమునకు చేరవలసిన ఒండ్రు వానిలో నిలిచిపోవుచున్నది. కృష్ణా డెల్టా తీరము పలుచోట్ల కోతకు గురియగుచున్నదని పరిశోధకులు తేల్చిరి. మరియొకవైపు ధ్రువప్రాంతముల మంచు నేడు మరల కరుగుచున్నది. ఉపగ్రహముల కొలతలప్రకారము 1993 తరువాత లోకమందలి సముద్రమట్టము సగటున ఏటికి మూడు మిల్లీమీటర్లకు మించి పెరుగుచున్నది. నది చేయి సన్నగిల్లినవేళ సముద్రము పొంగుట, ఆరువేల ఏండ్లనాటి గెలుపును తారుమారు చేయజూచుటయే.

కాబట్టి నేల క్రింది పటము పండితుల వేడుక కాదు. ఏ దిబ్బలో ఎంత మంచినీరున్నదో, ఏ పొర దానిని కాపాడుచున్నదో, ఎంత తీసినచో చెడునో తెలిసియుండుట ఊరికి ఆస్తిపత్రము తెలిసియుండుటవంటిది. 1851లో స్థాపింపబడిన భారత భూగర్భ పరిశోధక శాఖయు, భూగర్భజల శాఖలును, హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధనాలయమును ఇట్టి పనికై యున్నవి. కాని ఎంతటి శాఖయైనను ప్రతి పొలమున బోరు వేయజాలదు. ప్రతి పొలమున బోరు వేయుచున్నది రైతు.

ఇచటనే మాకొక విన్నపము కలదు. బోరు వేయునప్పుడు బయటకు వచ్చిన మట్టిని మనము కాలితో త్రోసివేయుదుము. నీరు పడినదా లేదా అని మాత్రమే చూతుము. ఆనాడు ఒక చిన్న పుస్తకము దగ్గర నుంచుకొని, ఎన్ని అడుగులవరకు ఇసుక, ఎన్ని అడుగులవద్ద నల్లమట్టి, గుల్లలు ఎచట వచ్చినవి, నీటి రుచి ఎచట మారినది అని నాలుగు వరుసలు వ్రాసికొనినచో ఖర్చేమియు లేదు. ఇల్లినాయ్ రైతుల బావుల లెక్కలే పూడిపోయిన ఒక నదిని బయటపెట్టినవని ముందు చెప్పితిమి. కర్లపాలెమున పది యిండ్లవారు అట్టి పది పుస్తకములు తెచ్చి పంచాయతీ కచేరీలో ఒకచోట నుంచినచో, పదునొకండవ రైతు కొబ్బరికాయ అరచేత పట్టుకొనవలసిన అగత్యము తగ్గును. బోరు ఎచట వేయవలెనో అంతకంటె ముఖ్యముగా ఎంత లోతున ఆపవలెనో అతనికి తెలియును.